మీగడ తొట్లు

సుభాషిణి పోయిన తరువాత జలశుద్ధి పరిశోధన కేంద్రం వాళ్ళు ఆమె భర్త చంద్రమౌళి ఇంటికి రెండుసార్లు వచ్చారు. మొదటిసారి పరామర్శకు. రెండోసారి వెతకడానికి.

రెండోసారి వచ్చింది ఇద్దరే. కేంద్రం డైరెక్టర్ కృపాకర్, సుభాషిణి కింద కొన్నేళ్ళుగా పనిచేస్తున్న ఫర్హానా. డైరెక్టర్ కుర్చీ అంచున కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఫర్హానా నడుముకు చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా కూర్చుంది. ఆమెకు ఆరో నెల.

"మాస్టారూ, మేడమ్ గారు ఇంట్లో ఏమైనా రాసిపెట్టుకునేవారా? నోటుబుక్కు గానీ, డైరీ గానీ, చిన్న కాగితమైనా సరే" అన్నాడు డైరెక్టర్.

చంద్రమౌళి లేచి బీరువా తెరిచాడు. మంచం కింద పెట్టె బయటికి లాగాడు. ఆమె రోజూ భుజాన వేసుకునే సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించాడు. కళ్ళజోడు, దువ్వెన, మాత్రల అట్ట, హైదరాబాద్ ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన స్కానింగు రిపోర్టు.

"ఇంట్లో ఆమె రాసేది సరుకుల చీటీ ఒక్కటే సార్. అది కూడా ఆమె చెప్తుంటే నేను రాసేవాణ్ణి."

డైరెక్టర్ తల వంచుకున్నాడు. ఫర్హానా సంచీని మళ్ళీ సర్దుతూ, ఎవరికీ కాదన్నట్టు అంది: "తొట్లు చచ్చిపోతున్నయి సార్."

ఏ తొట్లో చంద్రమౌళికి చెప్పనక్కర్లేదు. జిల్లా పడమటి మండలాల్లో బోరునీళ్ళు తాగితే పిల్లల పళ్ళ మీద పసుపు చారలు వస్తాయి. ముప్పై దాటేసరికి మోకాళ్ళు బిగుసుకుంటాయి. నలభై ఏళ్ళకు నడుము వంగిపోయి, మనిషి ఎదుటివాడి ముఖం చూడాలంటే మెడ ఎత్తాల్సి వస్తుంది. నీళ్ళలో ఫ్లోరైడు. సుభాషిణి ఒక పాడుబడ్డ రాతి క్వారీ గుంటలో, నీళ్ళ మీద తేలుతున్న పలచని గులాబీ రంగు పొరను చూసింది. కంటికి కనబడని జీవులు ఒకదాన్నొకటి అల్లుకుని చేసుకున్న పొర అది. గుంట చుట్టూ ఉన్న బావులన్నీ విషమే, గుంటలో నీళ్ళు మాత్రం మంచివి. ఆ పొర ఫ్లోరైడును తాగేస్తోందని తేల్చడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. ఒక రైతు బావి పక్కన రేకుల షెడ్డులో సిమెంటు తొట్టి కట్టించి, వ్యవసాయపు కరెంటుతో చిన్న గాలిమోటారు నడిపి, దాన్ని పెంచింది. కాచి చల్లార్చిన పాల మీద కట్టినట్టు తొట్టి నిండా కట్టుకుంది. దానికి శాస్త్రీయమైన పేరు ఒకటి ఉంది, పొడుగ్గా. కేంద్రంలోనూ ఊళ్ళలోనూ అందరూ మీగడ అనే అంటారు.

ఇప్పుడు కేంద్రానికి సొంత భవనం ఉంది. అందులో ఎనిమిది తల్లి తొట్లు. అక్కడి నుంచి పెరుగుకు తోడు ఇచ్చినట్టు మీగడ ముక్క తీసి ఊరూరి తొట్లకు ఇస్తారు. ఊళ్ళలో మీగడ కొన్ని నెలలకు నీరసపడుతుంది. మళ్ళీ తోడు పంపుతారు. తల్లి తొట్లు పోతే ఆ ఊళ్ళన్నీ మళ్ళీ బోరునీళ్ళకు పోతాయి.

"ఎన్ని పోయినయి?" అన్నాడు చంద్రమౌళి.

"ఐదు. నల్లబడి, ముక్కలు ముక్కలై అడుగుకు పోయినయి. క్వారీ గుంట పూడ్చి ప్లాట్లు చేసిండ్రు గదా, మళ్ళీ అక్కడికెళ్ళి తెచ్చుకునేటందుకు కూడా లేదు."

"పద్ధతి రాసిపెట్టినది లేదా?"

"ఎందుకు లేదు సార్? మేడమే రాసిండ్రు. శాఖ వాళ్ళు ఆమోదించిండ్రు. అక్షరం తప్పకుండ చేస్తున్నం. ఇంకా ఎక్కువే చేస్తున్నం."

డైరెక్టర్ కారు దగ్గరికి వెళ్ళాడు. ఫర్హానా మంచినీళ్ళు అడిగి వెనకబడింది. గ్లాసు ఖాళీ చేసి చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"నాకు సెలవు ఇస్తలేరు సార్. బీపీ ఎక్కువుంది, మంచం దిగొద్దు అన్నది డాక్టరమ్మ. డైరెక్టర్ సార్ ఏమో, నువ్వు గూడ పోతే తొట్లు ఎవరు చూస్తరమ్మా అంటున్నరు. ఆయన గూడ ఏం జేస్తడు? నిజంగనే ఎవరు లేరు."

చంద్రమౌళి ఆమె చేతిలో గ్లాసు తీసుకున్నాడు. ఆ మాట అతనికి కొత్త కాదు. సుభాషిణి గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని హైదరాబాద్ డాక్టర్లు రెండేళ్ళ కిందటే చెప్పారు. ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. ఎండాకాలం పోనీ అంది ఆమె. తరువాత బతుకమ్మ పోనీ అంది. నేను పోతే తొట్లెవరు చూస్తారు అనేది ప్రతిసారీ, తొట్లు పక్కింట్లో అప్పగించడానికి వీల్లేని పసిపిల్లలైనట్టు. కిందటి చలికాలంలో ఒక ఉదయం కేంద్రానికి బయలుదేరి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ వంగి, మళ్ళీ లేవలేదు.

"రేపు బడి లేదు. నేను వస్తా" అన్నాడు చంద్రమౌళి.

"మీరొచ్చి ఏం చేస్తరు సార్?"

"తెల్వదు. సోషల్ సారును. తెల్వనోడు ఒకడు ఉంటే పనికొస్తడేమో చూద్దాం."

*

తొట్ల గదిలో బుడగల చప్పుడు తప్ప ఏమీ లేదు. చంద్రమౌళి ఇన్నేళ్ళలో ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. ఖాళీ తొట్లు ఐదూ కడిగి ఉన్నాయి. మిగిలిన మూడింటిలో మీగడ ఉంది గానీ అంచుల వెంట నలుపు పాకుతోంది.

అతను ఒక షరతు పెట్టాడు. ఆమోదించిన పద్ధతి కాగితాలు చేతిలో పట్టుకుని తను ఒక్కో పనీ చేస్తాడు. అడిగితే తప్ప ఫర్హానా మాట్లాడకూడదు. ఖాళీ తొట్టి దగ్గర మొదలుపెట్టి రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

"తగినంత నీరు పోయాలి అని ఉన్నది. తగినంత అంటే ఎంత?"

"అంటే... చూస్తే తెలుస్తది సార్."

"నాకు తెలుస్తలేదు."

ఫర్హానా వచ్చి తొట్టి గోడ మీద వేలు పెట్టి చూపించింది. అతను రాసుకున్నాడు. మరి కొన్ని వాక్యాల తరువాత "అవసరమైనప్పుడు" వచ్చింది. ఆ తరువాత "జాగ్రత్తగా".

"జాగ్రత్తగా అంటే ఏం చేయాలె? ఊపిరి బిగబట్టుకోవాల్నా? మా పిల్లలు పరీక్షల ఇట్ల రాస్తే సగం మార్కులు కోస్త నేను."

ఫర్హానా నవ్వింది. నవ్వుతూనే కాగితం వైపు చూసి ఆగిపోయింది. అతను అలవాటుగా జేబులోని ఎర్రకలం తీసి ఆ మాటల కింద గీతలు గీశాడు. ఆ వాక్యాలు సుభాషిణి రాసినవి. చంద్రమౌళి కూడా అప్పుడే చూసుకున్నాడు. కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకుని పెన్సిలు అడిగాడు.

"గాలి నిరంతరం అందించాలి. ఇది ఒక్కటి స్పష్టంగ ఉన్నది."

"అదైతే పక్కా సార్. మేడమ్ పోయినంక జనరేటరు కూడ పెట్టించినం. ఒక్క నిమిషం ఆగనిస్తలేం. శని, ఆదివారాలు కూడ వంతులేసుకొని వస్తున్నం అందరం. మేడమ్ పేరు నిలబెట్టాలె అని."

"ఇంతకుముందు ఆ రెండు రోజులు ఎవరొచ్చేది?"

"మేడమ్ ఒక్కరే. మమ్మల్ని రానిచ్చేవారు కాదు. పోయి ఇండ్లల్ల ఉండుండ్రి అని కోప్పడేది."

చంద్రమౌళికి ఆ శని, ఆదివారాలు బాగా తెలుసు. ఊళ్ళో అందరి భార్యలూ ఆదివారం ఇంట్లో ఉంటే అతని భార్య ఉండేది కాదు. "శనివారం సాయంత్రం బండి మీద ఇట్ల పోయి అట్ల వచ్చేది. స్టవ్ మీద టీ పెట్టి పొయ్యేది, అది పొంగకముందే వస్త అని. ఆదివారం పొద్దున పోతే మాత్రం పగలంతా ఇక్కడ్నే."

ఫర్హానా అతని వైపు తిరిగింది. "అంత తొందరగ ఎట్లొస్తరు సార్? అన్ని తొట్లు ఒక్కసారి చూడాలన్నా గంట పడ్తది."

"నాకేం తెలుసమ్మా?"

ఇద్దరూ కాసేపు ఆ సంగతి పట్టుకుని కూర్చున్నారు. ఏమీ తోచలేదు. చీకటి పడకముందే అతను ఆమెను ఇంటికి పంపించాడు.

*

కేంద్రంలో మిగిలిన మూడు తల్లి తొట్లు కూడా పోతే ఊళ్ళలో ఎక్కడెక్కడ ఎంత మీగడ ఉందో ముందే తెలుసుకోవాలని డైరెక్టర్ అన్ని ఊళ్ళ నుంచీ నమూనాలు తెప్పించాడు. చాలా ఊళ్ళది పలచబడిపోయింది. ఒక్క గుర్రంకుంట తండా నుంచి మాత్రం నమూనా రాలేదు. ఆ తండా వాళ్ళు తోడు అడిగి కూడా ఏడాది దాటింది. మీగడను వదిలేసి మళ్ళీ బోరునీళ్ళు తాగుతున్నారేమోనని అందరూ అనుకున్నారు. ఫర్హానా జీపులో బయలుదేరితే, ఆ రోడ్డు మీద ఒంటరిగా పోవద్దని చంద్రమౌళి బడికి సెలవు చీటీ పంపి వెంట వెళ్ళాడు.

తండాలో తొట్టి చూసుకునేది ధరావత్ చాంది అనే ఆమె. జీపును చూడగానే కొంగు బిగించి ఎదురొచ్చింది.

"మాది చూడకున్రి మేడం, సిగ్గు పోతది. చెప్పిన మాట విననట్టు కాదు. కరెంటోళ్ళకు చెప్పి చెప్పి నా నోరే పాయె. వారంల ఒక దినమన్న కరెంటు ఉండదు మాకు. గాలొస్తే పోతది, వానొస్తే పోతది, ఏం రాకున్న పోతది. గాలి మిషన్ ఆగిపోతది. నేనేం జెయ్యాలె? నోటితోని ఊదాల్నా?"

"ముందు చూడనియ్యి చాంది."

"చూసి తిట్టొద్దు మరి."

షెడ్డు తలుపు తీసింది. ఫర్హానా తొట్టి మీదికి వంగి అలాగే ఉండిపోయింది. చంద్రమౌళికి మొదట ఆమెకేమైనా అయిందేమోనని భయం వేసింది. తరువాత తనూ చూశాడు. మీగడ జొన్నరొట్టెంత మందంగా, ఇటు గోడ నుంచి అటు గోడ దాకా, ఒక్క మచ్చ లేకుండా గులాబీ రంగులో ఉంది.

ఫర్హానా మోచేతి దాకా చెయ్యి ముంచి అడుగు నుంచి గుప్పెడు తీసింది. తెల్లటి సన్నని ఇసుక.

"ఇది ఎప్పుడు పడ్తది చాంది?"

"కరెంటు పోయినంకనే. మిషన్ ఆగిందంటే రాత్రికి రాలుతది. కరెంటు రాంగనే కింది తూము తీసి కడిగేస్త. మా పిల్లలు ముగ్గుకు మంచిగుంటదని ఎత్తుకపోతరు."

"ముగ్గు ఏయొద్దు! అది ముట్టొద్దు పిల్లలు. నీళ్ళల్ల ఉన్న విషమంతా అదే." ఫర్హానా చెయ్యి విదిలించి కడుక్కుంది. కడుక్కుంటూనే ఆమె ముఖం మారింది. "సార్, మా తొట్లల్ల ఇసుక పడుడు బందయింది. మేడమ్ ఉన్నన్ని రోజులు వెనకాల గోడ పొంటి కుప్ప ఉండేది. ఇప్పుడు లేదు. వ్యర్థం పూర్తిగ తగ్గింది అని నెల రిపోర్టుల గొప్పగ రాసుకున్నం. తిన్నది తిన్నట్టే లోపల ఉండిపోతే అది చావక ఏం చేస్తది?"

చంద్రమౌళి షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆగిన గాలి, రాలిన ఇసుక, కరెంటు రాగానే కడగడం. వీటిని వరసగా పెట్టడానికి సైన్సు అక్కర్లేదు. శనివారం సాయంత్రం టీ పొంగేలోపు చేసుకురాగల పని ఒక్కటే ఉంది.

"గాలి ఆపెటందుకు పొయ్యేదమ్మా" అన్నాడు. "ఆదివారం పొద్దున మళ్ళీ పెట్టి, తూములు కడిగి వచ్చేది."

ఫర్హానా జీపు మెట్టు మీద కూర్చుండిపోయింది. రేకుల షెడ్డులో, వ్యవసాయపు కరెంటు మీద, రోజూ ఆగుతూ నడుస్తూ పెరిగిన జీవి అది. గాలి ఉన్నప్పుడు తింటుంది. గాలి ఆగినప్పుడు కడుపు ఖాళీ చేసుకుంటుంది. కరెంటు పోని కొత్త భవనంలోకి తెచ్చినప్పుడు సుభాషిణి ఆ సంగతి కనిపెట్టి, వారానికి ఒక రాత్రి తనే కరెంటు తీసేయడం మొదలుపెట్టింది. ఆమె పోయాక, ఆమె మీద గౌరవంతో, అందరూ కలిసి ఆ ఒక్క రాత్రిని లేకుండా చేశారు.

చాంది ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే నన్ను తిడ్తరా, తిట్టరా?"

*

"సుభాషిణి నన్ను అడిగింది మాస్టారూ" అన్నాడు డైరెక్టర్. ఆయన తన గదిలో కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. "పద్ధతిలో ఒక సవరణ చేయాలి అంది, రెండుసార్లు. డిజైను అంతా గాలి ఆగకూడదన్న లెక్క మీద ఆమోదం పొందింది. ఇప్పుడు సవరణ అంటే ఫైలు మళ్ళీ మొదటికి వస్తుంది, ఊళ్ళకు తొట్లు ఆగిపోతాయి అన్నాను. తరువాత చూద్దాం అన్నాను. ఆ సవరణ ఏమిటని మాత్రం అడగలేదు."

"ఎందుకు అడగలే?"

"ఆమె ఉంది కదా అనుకున్నాను."

ఆమె మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదో చంద్రమౌళికీ తెలియదు. ఆమోదానికి విరుద్ధంగా చేస్తున్న పనిలో తన కింద పనిచేసే పిల్లల పేర్లు రాకూడదని అనుకుందేమో. లేక చేసి చేసి, అది చెప్పాల్సిన సంగతి అన్న ధ్యాసే పోయిందేమో. అడగడానికి మనిషి లేదు.

ఆ శనివారం సాయంత్రం ముగ్గురూ తొట్ల గదిలో నిలబడ్డారు. ముందు ఒక్క తొట్టికి ఆపి చూద్దామన్నాడు డైరెక్టర్. మూడింటికీ నలుపు పాకుతోంది, ఒక్కొక్కటే చూసేంత వ్యవధి లేదంది ఫర్హానా. తప్పయితే మొత్తం పోతుంది. మీట మీద చెయ్యి వేసి కూడా ఆమె ఆపలేకపోయింది. డైరెక్టర్ ముందుకొచ్చి, "నేను ఆపుతానమ్మా, తప్పయితే నా మీదికి రానీ" అని తనే ఆపాడు. బుడగలు ఒక్కొక్కటిగా తగ్గి ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున మూడు తొట్ల అడుగునా తెల్లటి పొడి ఉంది. పలచగా, ముగ్గు చల్లినట్టు. మరుసటి వారం ఎక్కువగా రాలింది. నలుపు ముందు ఆగింది, తరువాత వెనక్కి తగ్గింది. ఆ నెలలోనే నాలుగో తొట్టికి తోడు వేశారు.

డైరెక్టర్ ఆ రోజు గదిలో మిఠాయి పంచాడు. అందరి ముందూ ఫర్హానాను చూపించి, "ఇక మనకు భయం లేదు. సుభాషిణి గారు లేకపోయినా, ఫర్హానా ఉంది కదా" అన్నాడు.

మిఠాయి చేతిలోకి తీసుకోబోతున్న చంద్రమౌళి దాన్ని పళ్ళెంలోనే వదిలేశాడు.

"ఆ మాట ఇంకోసారి అనకుండ్రి సార్."

గదిలో అందరూ అతని వైపు చూశారు. ఇరవై ఏళ్ళు పిల్లలతో పనిచేసినవాడు కావడం వల్ల అతని గొంతు పెరగలేదు. "ఇంతకుముందు గూడ ఒకరున్నరు గదా అనుకున్నరు. ఈ పిల్లకు మంచం దిగొద్దని డాక్టరు చెప్పి నెల అయింది. ఇక్కడ నిలబడి ఉన్నది చూడుండ్రి."

ఫర్హానా పాదాలు వాచి చెప్పుల్లో ఇమడటం లేదు. అప్పటిదాకా ఎవరూ చూడనట్టే చూశారు.

*

కొత్త పద్ధతి రాయడానికి అందరికన్నా ముందు అడ్డం చెప్పింది ఫర్హానానే. కాగితాల ముందు పెన్సిలు పట్టుకుని కూర్చుని, ఎంతకీ మొదలుపెట్టలేదు.

"ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు సార్. మేడమ్‌ది పర్మినెంటు. నాది కాంట్రాక్టు. అన్నీ రాసి ఇచ్చినంక వీళ్ళకు నాతోని ఏం పని? రేపు ఇంకో అమ్మాయిని తక్కువకు తెచ్చుకుంటరు. ఆమె చేతిల ఈ కాగితాలు పెడ్తరు."

ఆ భయం నిజమైనదే. ఓదార్పు మాటలు చెప్పి దాన్ని కప్పడం చంద్రమౌళికి ఇష్టం లేదు.

"దానికి నా దగ్గర జవాబు లేదు బిడ్డా. రాయకపోతే ఏమైతదో మాత్రం తెలుసు. నువ్వు లేకుంటే నడవదు అని అందరూ అనుకుంటున్నప్పుడు మనసుకు బాగుంటది. మా ఇంట్ల ఆ మాట చాన్నాళ్ళు విన్న."

మర్నాడు అతను డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి రెండు సంగతులు అడిగాడు. కొత్త పద్ధతి మొదటి పుటలో, రాసినవాళ్ళు అన్నచోట, సుభాషిణి పేరూ ఫర్హానా పేరూ ఉండాలి. ఫర్హానా సెలవు కాగితం ఇప్పుడే సంతకం కావాలి, తేదీతో సహా. డైరెక్టర్ రెండోదానికి వెనకాడాడు. సంతకం పెడితే ఆ తేదీలోగా ఇంకొకరు తయారు కావాలి. "అందుకే అడుగుతున్న" అన్నాడు చంద్రమౌళి. డైరెక్టర్ కలం తీశాడు. ఉద్యోగం సంగతి శాఖకు రాస్తానన్నాడు. రాశాడు కూడా. జవాబు ఇంకా రాలేదు.

తయారుకావాల్సిన మనిషిగా చంద్రమౌళి ఎంచుకున్నది ఆఫీసులో జీతాల బిల్లులు చూసే ఉపేందర్‌ను. పదేళ్ళుగా అదే భవనంలో ఉంటూ తొట్ల గది గడప తొక్కని మనిషి. సూక్ష్మజీవులంటే భయం.

"వేరే ఎవరు దొరకలేదా సార్? బీఎస్సీ పోరగాళ్ళు ఇంతమంది ఉన్నరు గదా."

"వాళ్ళకు సగం తెలుసు. కాగితంల లేనిది తలకాయల నుంచి తీసి నింపుకుంటరు. నీకు ఏం తెల్వదు గదా, నువ్వే కావాలె."

"ఇదేం మెచ్చుకోలు సార్!"

ఫర్హానా కాగితాలు ఇచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చుంది. మాట్లాడకూడదు. ఉపేందర్ రెండు చేతులకూ తొడుగులు వేసుకుని, పైన ఇంకో జత వేసుకుని వచ్చాడు.

"మీగడ అంచుకు చూపుడువేలు ఆనించాలి, అని ఉంది. ఇది కరుస్తదా?"

కుర్చీలో ఫర్హానా దుపట్టా నోట్లో కుక్కుకుంది.

"వేలు తీసినప్పుడు దారంలా సాగితే బాగున్నట్టు. తెగితే ఆకలి మీద ఉన్నట్టు." ఉపేందర్ కళ్ళు మూసుకుని వేలు పెట్టి తీశాడు. కళ్ళు తెరిచాడు. "సాగింది! సార్, సాగింది!"

కాసేపటికి అతను తెరవాల్సిన తూము కాక పక్క తూము తెరిచాడు. నీళ్ళు కాళ్ళ మీదుగా పారాయి. ఫర్హానా లేవబోయి, చంద్రమౌళి చెయ్యి చూపగానే మళ్ళీ కూర్చుంది. కాగితంలో "కింది తూము" అని మాత్రమే ఉంది. కింద ఉన్నవి రెండు. సరైన దానికి ఎర్ర రంగు వేయించి, కాగితంలో "ఎర్రది" అని చేర్చారు. అక్కడ ఉపేందర్ తప్పేమీ లేదని, తప్పు వాక్యానిదని చంద్రమౌళి అందరికీ వినబడేట్టు చెప్పాడు. ఉపేందర్ ఆ మాట విని, తడిసిన ప్యాంటుతోనే, తరువాతి వాక్యం గట్టిగా చదివాడు.

అలా వాక్యం వాక్యం విరిగి మళ్ళీ కట్టుకుంటూ పోయింది. "తగినంత" పోయి గోడ మీద గీత వచ్చింది. "అవసరమైనప్పుడు" పోయి "దారం తెగినప్పుడు" వచ్చింది. గాలి సంగతి అన్నింటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో రాశారు. ఎప్పుడు ఆపాలి, ఎందుకు ఆపాలి, ఆపకపోతే ఏమవుతుంది, అది ఎలా తెలిసింది. ఎందుకో కూడా రాయాలని పట్టుబట్టింది ఫర్హానానే. ఎందుకో తెలియనివాడు పైవాళ్ళు అడగ్గానే మార్చేస్తాడు అంది.

చివరి శనివారం ఉపేందర్ ఒక్కడే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బయట వరండాలో ఫర్హానా తలుపుకేసి చూస్తూ కూర్చుంది. లోపల బుడగల చప్పుడు ఆగిపోయింది. ఆమె ఊపిరి వదిలి, లేచి, చంద్రమౌళికి సలాం చెప్పి, ఆటో ఎక్కింది. ఆమె సెలవు ఆ పూటతో మొదలయింది.

*

వానలు పట్టాక ఒక సెలవు రోజున చంద్రమౌళి బస్సెక్కి మిర్యాలగూడలో ఫర్హానా తల్లిగారింటికి వెళ్ళాడు. ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైందట. రెండు రోజులు తల్లిని ఐసీయూలో ఉంచారట. ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. ఫర్హానా తల్లి అతనికి సేమియా గిన్నె చేతికిచ్చి, ఇంకో వారం తొట్ల దగ్గరే నిలబడి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ అన్న మాటలు చెప్పింది. చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఫర్హానా మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. పక్కన పాప నిద్రపోతోంది.

"తొట్లు ఎట్లున్నయి సార్?"

"మంచిగున్నయట. ఎనిమిది నిండినయట. ఉపేందర్ ఇప్పుడు ఇంకొకరికి నేర్పుతున్నడు. కాగితం చూసి చెయ్యి, నీ తెలివి పెట్టకు అని గదమాయిస్తున్నడట."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. పాప మీద దుప్పటి సర్దింది. సర్దాల్సినంత జారలేదు అది.

"ఒక్కరైనా ఫోన్ చెయ్యలేదు సార్" అంది. "ఇది ఎట్లా, అది ఎట్లా అని ఒక్క మాట. ఇన్ని రోజుల్ల ఒక్కరైనా అడగలేదు." చిన్నపిల్లలా కింది పెదవి ముందుకు వచ్చింది.

చంద్రమౌళి గిన్నె కింద పెట్టాడు. జరగకుండా పోయిన ఆ ఆపరేషను జరిగినట్టు, హైదరాబాద్‌లో ఏదో ఆసుపత్రి మంచం మీద, ఛాతీకి కట్టు కట్టించుకుని, కేంద్రం నుంచి ఒక్కరూ ఫోను చేయలేదని అలిగి, అతను తెచ్చిన ఇడ్లీ ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్న సుభాషిణి ఒక్క క్షణం అతని కళ్ళ ముందుకు వచ్చింది. ఆమెను ఎలా బతిమాలి తినిపించేవాడో కూడా తోచింది.

"చెయ్యరమ్మా" అన్నాడు. "పడుకో."